మిణుగు చేయని పని

రండర్రా, ఇలా దగ్గరికి జరగండి. ఆ చివర కూర్చున్నవాళ్ళు కూడా ముందుకి రండి, చాప మీద చాలా చోటుంది. సంచులు గోడవారగా పెట్టండి. వీరబాబూ, ఆ చీమని వదిలెయ్యి, పాపం దాని ఇంటికి అది పోతుంది. ఆఁ, అందరూ కూర్చున్నారా? ఇవాళ చెప్పే కథ ఎప్పుడో జరిగింది కాదు, ఇంకా జరగాల్సింది. మీ మనవలు మీ అంత అయ్యేనాటిది. వినండి మరి.

తేనెకొండ మీద ఒక పెద్ద హాలు. దానికి కిటికీల్లేవు. ఒక మూల ఎర్రటి దీపం ఆరకుండా, కదలకుండా వెలుగుతూ ఉంటుంది. హాలు మధ్యలో పీట, పీట మీద చిన్న బెల్లం ముక్క. పీట ముందు ఒక బిడ్డ నిలబడి ఉంది.

ఆ బిడ్డ మన లోకం బిడ్డ కాదు. మోకాలెత్తు ఉంటుంది. ఒళ్ళంతా లేత మునక్కాయ రంగు. చేతులు నాలుగు. ముక్కు లేదు. మెడకి రెండు పక్కలా చేప మొప్పల్లాంటి చీలికలున్నాయి, ఊపిరి పీల్చుకునేది వాటితోనే. కళ్ళు మాత్రం ఎప్పుడూ అప్పుడే నిద్ర లేచినట్టు పెద్దగా, తడిగా ఉంటాయి. దాని పేరు మిణుగు.

అద్దం గోడ వెనక డాక్టర్ తరళ నిలబడి చూస్తోంది. ఈ ప్రయోగమంతా ఆమెదే. పక్కన ఇంజినీరు షరీఫ్ స్క్రీన్ మీద గీత వంక చూస్తున్నాడు.

"నేర్పింది నేర్పినట్టు చేస్తే చాలు," అంది తరళ. "దీపానికి వీపు తిప్పాలి. నీడవైపు మూడుసార్లు వంగాలి. అప్పుడు తినాలి."

మిణుగు బెల్లం వంక చూసింది. దీపం వంక చూసింది. నాలుగు చేతుల్లో ఏదో ఒక చెయ్యి ముందుకొచ్చి బెల్లం తీసి నోట్లో వేసుకుంది. దీపానికి ఎదురుగా నిలబడే చప్పరించింది. సగం కరిగాక గుర్తొచ్చినట్టుంది, నోరు నిండుగా పెట్టుకుని గబగబా అప్పజెప్పింది:

"నీడతల్లి మనకు తల్లి. వెలుగును చూచుచు తినరాదు. తినిన యెడల ఒళ్ళు కమిలిపోవును."

స్క్రీన్ మీద గీత కదల్లేదు.

"భక్తి బాగానే ఉంది మేడమ్," అన్నాడు షరీఫ్. "కాకపోతే బెల్లం మీద."

తరళ నవ్వలేదు. ఆమెకి నవ్వు రాకపోవడానికి కారణం ఉంది.

ఆరేళ్ళ కిందట కొండ దిగువన చోడి చేలో, అదే రాగి చేలో, ఆకాశం నుంచి ఒక గుడ్డు పడింది. గుమ్మడికాయంత గుడ్డు. అందులోంచి మిణుగు బయటికొచ్చింది. కొన్నాళ్ళకి ఆ గుడ్డు తాలూకువాళ్ళు ఆకాశం నుంచి ఒక కబురు పంపారు. మాటల్లో కాదు, బొమ్మల్లో. శాస్త్రవేత్తలు తలలు బద్దలు కొట్టుకుని దాని అర్థం తేల్చారు. 'మా నౌక చెడిపోయింది. బిడ్డన్నా బతకాలని గుడ్డుని మీ దగ్గర వదిలాం. మూడో కుబుసం వేళకి వస్తాం. మా ప్రశ్న అడుగుతాం. జవాబుంటే మా బిడ్డ. లేకపోతే మా బిడ్డ కాదు.'

ఏమిటా ప్రశ్న? 'నువ్వు చేయని పని ఏది?'

వింతగా ఉంది కదూ? కానీ ఆలోచించండి. వాళ్ళు పాముల్లాగా కుబుసం విడుస్తారు. విడిచినప్పుడల్లా ముఖం మారిపోతుంది, గొంతు మారిపోతుంది. నిన్నటి అన్నయ్యని ఇవాళ గుర్తుపట్టలేరు. మరి అయినవాళ్ళని ఎలా పోల్చుకోవడం? అందుకే, ఏం చేస్తావని అడగరు. ఎంత బతిమాలినా చేయనిది ఏది అని అడుగుతారు. అబద్ధం చెప్పడానికి వీల్లేదు. మనసులో నిజంగా 'చేయకూడదు' అనుకుంటే వాళ్ళ మెడ చుట్టూ నేరేడుపండు రంగులో ఒక వలయం వస్తుంది. భయమేస్తే మనకి రోమాలు నిక్కబొడుచుకుంటాయే, అలా దానంతట అదే వస్తుంది. స్క్రీన్ మీద గీత ఆ రంగునే కొలుస్తుంది.

మూడో కుబుసం విడిచాక మిణుగుకి మన గాలి సరిపడదు. వాళ్ళు తీసుకెళ్ళకపోతే ఇక్కడ బతకదు. ఆ కుబుసం ఇప్పుడు వీపు మీద పొరలుపొరలుగా లేస్తోంది. వాళ్ళ నౌక చంద్రుణ్ణి దాటింది. మిణుగు మెడ మాత్రం లేత మునక్కాయ రంగులోనే ఉంది.

వాళ్ళ ఆచారాలేమిటో తెలీకుండా బిడ్డకి నేర్పడం ఎలా? దానికోసమే తరళ ఒక యంత్రం చేసింది. ఆచార యంత్రం. అదేం మంత్రం కాదు. మన ఊళ్ళో ఎండ ఎక్కువ, అందుకని ఎవరైనా గడప తొక్కగానే మంచినీళ్ళిస్తాం. మంచు కురిసే దేశంలో అయితే ముందు నిప్పు దగ్గర కూర్చోబెడతారు. అంటే ఆచారం కొంత వాతావరణంలోంచి పుడుతుంది, కొంత ఒంట్లోంచి పుడుతుంది. ఆ లెక్క వేసేదే ఆ యంత్రం. మిణుగు వాళ్ళ గ్రహం ఎప్పుడూ ఒకే ముఖం సూర్యుడివైపు పెట్టుకుని తిరుగుతుంది. ఒక పక్క మాడిపోయే ఎండ, ఒక పక్క గడ్డకట్టే చీకటి. మధ్యలో సన్నటి నీడపట్టు, అందరూ బతికేది అక్కడే. కాబట్టి వాళ్ళ దేవత నీడతల్లి అయ్యుండాలి, వెలుగంటే భయం ఉండాలి అని యంత్రం తేల్చింది. పాటలు కట్టింది. పండగలు పెట్టింది. పనివాళ్ళందరూ ఎర్రదీపం హాల్లోకి వచ్చి నీడవైపు వంగి దణ్ణాలు పెట్టారు. బయటికెళ్ళగానే వరండాలో ఎండ పొడలో కూర్చుని టీ తాగారు. మిణుగు తలుపు సందులోంచి అదీ చూసింది.

ఇక ఆ బిడ్డని పెంచింది పైడితల్లి. దిగువ ఊళ్ళో అంగన్‌వాడీలో ఆయాగా చేసి మానేసిన మనిషి. మిణుగు గుడ్డులోంచి బయటపడ్డ రోజు ఎవరి చేతిలోనూ ఊరుకోలేదు. ఈవిడ చంకలో వేసుకుని అటూ ఇటూ తిరిగితే ఊరుకుంది. అప్పట్నుంచి ఆ చంక దానిదే అయిపోయింది. ఆవిణ్ణి అది 'మామ్మా' అంటుంది.

మొదటిరోజే తరళ ఆవిడకి ఒకటి గట్టిగా చెప్పింది. "పిన్నీ, అన్నం పెట్టు, నీళ్ళు పొయ్యి, ఎత్తుకో. మన నమ్మకాలు మాత్రం ఒక్కటి కూడా దీనికి అంటించకు. దిష్టి తియ్యడాలు, శకునాలు చూడటాలు ఏవీ వద్దు. రేపు వాళ్ళ వాళ్ళొచ్చి అడిగితే మన ఊరి జవాబు చెప్పిందనుకో, ఏమవుతుందో తెలుసుగా?"

"తెల్సమ్మా. నానేటీ సెప్పను," అంది పైడితల్లి. ఆ మాట నిలబెట్టుకుంది కూడా. దిష్టి తియ్యాలని చేతులు దురద పెట్టినప్పుడు వంటింట్లోకెళ్ళి అరటిపండుకి తీసేది.

తరళకి మాత్రం అలాంటి దురదలేం లేవు. ఆమె తండ్రి హేతువాది, ఊరూరా ఉపన్యాసాలిచ్చేవాడు. ఇంట్లో ఎవరైనా తుమ్మితే సరిగ్గా అప్పుడే చెప్పులేసుకుని బయల్దేరేవాడు. ఆయనకెప్పుడూ ఏమీ కాలేదు. తుమ్ముకీ ప్రమాదానికీ సంబంధం లేదని తరళ కళ్ళారా చూస్తూ పెరిగింది. అందులో తప్పేం లేదు, నిజంగానే లేదు. ఆ ఇంట్లో చేయకూడనిదంటూ ఒక్కటీ లేకుండా పెరిగింది తరళ.

బెల్లం ప్రయోగం జరిగిన మర్నాడు పైడితల్లి వంటింట్లో పోపు వేస్తోంది. ఎండుమిరప ఘాటు హాల్లోకి కొట్టింది. తరళ చేతిలో కాయితాలతో గుమ్మం దాకా వచ్చింది. షరీఫ్‌తో ఏదో అర్జెంటు పని, వెళ్ళాలి. సరిగ్గా అప్పుడు వంటింట్లోంచి 'హాఛ్' మని తుమ్ము వినిపించింది.

మిణుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో, నాలుగు చేతులూ చాపి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఎల్లిపోకు! కూకో! ముందు కూకో డాక్టరమ్మా!"

అప్పజెప్పే పాఠాల్లో వచ్చే గొంతు కాదది. పైడితల్లి గొంతు, పైడితల్లి యాస. తరళ అక్కడున్న పీట మీద కూలబడింది. మిణుగు పరిగెత్తుకెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. "తాగు. ఆఁ, ఇప్పుడెల్లు," అంది.

దాని మెడ చుట్టూ నిగనిగలాడే నేరేడుపండు రంగు వలయం.

అద్దం వెనక షరీఫ్ కుర్చీ పడిపోయిన చప్పుడయింది. "మేడమ్! గీత! గీత పైకొచ్చేసింది!"

తరళ సంతోషించాల్సింది. కానీ ఆమెకి భయమేసింది. వంటింట్లోకి విసురుగా నడిచింది. "పిన్నీ! ఏం చేశావ్ నువ్వు? నేను నీకేం చెప్పాను?"

పైడితల్లి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "నానేటీ నేర్పనేదమ్మా. నా బిడ్డలాంటిదానివి, నీ తోడు. నాను బయిటికెల్లీటప్పుడు ఎవులైనా తుమ్మితే కాసేపు కూకుని గుక్కెడు నీల్లు తాగి ఎల్తాను. అలవాటు. అది సూసినాది. సూడొద్దని కళ్ళు మూసెత్తానా?"

"ఇంకేం చూసింది?"

పైడితల్లి తల దించుకుంది. "ఎల్లీవోల్ని ఎనకనించి పిలవను కదా, అదీ..."

అప్పుడు తరళకి గుర్తొచ్చింది. కిందటి వారం ఆమె కళ్ళజోడు మర్చిపోయి బయల్దేరింది. వరండా సగం దాటేసరికి ఎదురుగా మిణుగు నిలబడి ఉంది, ఆయాసపడుతూ, చేతిలో కళ్ళజోడు పట్టుకుని. వెనకనుంచి పిలిస్తే సరిపోయేదానికి, భవనమంతా చుట్టి, వంటింటి గుమ్మంలోంచి దూకి, ముందుకొచ్చి నిలబడింది. ఆటనుకుంది తరళ.

మిణుగుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడిగింది. "తుమ్మితే ఎందుకాగాలి? మామ్మ చెప్పిందా?"

"మామ్మ సెప్పదు. అడిగితే పోపు మాడిపోతందంటాది." మిణుగు గొంతు తగ్గించింది. "నాకు తెల్సు. తుమ్మీది మనిసి కాదు. ఇల్లు."

"ఇల్లా?"

"మనం ఎల్లిపోతంటే ఇంటికి బెంగ. కాసేపుండమని సెప్పాలనుకుంటాది. ఇంటికి నోరు నేదు కదా, అందుకని మనిసి ముక్కు వాడుకుంటాది. నాకు ముక్కు నేదు కాబట్టి నాతో సెప్పించుకోలేదు. నానే ఇనాల."

ఈ ముక్క యంత్రం చెప్పలేదు, పైడితల్లీ చెప్పలేదు. ఆ బిడ్డే చూసినదానికి ఒక కారణం కల్పించుకుంది, కల్పించుకున్నదాన్ని నమ్మింది. తరళ ఆరేళ్ళు యంత్రం పెట్టి పుట్టించలేని దేవుణ్ణి అది వంటింటి గుమ్మంలో కూర్చుని పుట్టించుకుంది.

అయినా తరళ భయం తగ్గలేదు. వాళ్ళు ముక్కుల్లేనివాళ్ళు. వాళ్ళ గుమ్మంలో నిలబడి ఈ బిడ్డ తుమ్ము గురించి చెబితే ఏమనుకుంటారు? ఎవరో పరాయిబిడ్డ అని వదిలేసి పోరూ? అందుకని ఆ నమ్మకాన్ని ఊడబెరకాలనుకుంది. తన తండ్రి చేసినట్టే చేసింది. పనివాళ్ళని పిలిచి, హాల్లో ఒక్కొక్కరే గట్టిగా తుమ్మి, ఆగకుండా వెళ్ళిపొమ్మంది. ఏమీ కాదని బిడ్డ చూస్తుంది, చూస్తే మానేస్తుంది.

మొదట ఒకతను తుమ్మి వెళ్ళాడు. మిణుగు గ్లాసుతో పరిగెత్తేలోపు తలుపు మూసుకుంది. తర్వాత ఇంకొకతను, ఇంకొకామె, చివర షరీఫ్ వెళ్ళారు. మిణుగు నాలుగు చేతుల్లో నాలుగు గ్లాసులు పట్టుకుని మూసిన తలుపు ముందు నిలబడింది. ఎవరూ తిరిగి రాలేదు. చాలాసేపు చూసింది. ఆఖరికి గుమ్మం పక్కన కూర్చుని, ఒక్కో గ్లాసూ ఎత్తి తానే తాగడం మొదలుపెట్టింది. వాళ్ళ బదులు.

అద్దం వెనక నిలబడ్డ తరళకి ఆ బిడ్డలో వాళ్ళమ్మ కనిపించింది.

నాన్న తుమ్ముని లెక్కచెయ్యకుండా వెళ్ళిపోయేవాడు కదా, అమ్మ ఒక్కమాట అనేది కాదు. ఆయన వీధి మలుపు తిరిగాక గుమ్మం దగ్గర కూర్చుని, ఒక గ్లాసు నీళ్ళు తాగేది. అమ్మకి దాహమేసిందనుకునేది చిన్న తరళ. ఆ నీళ్ళు ఎవరివో ఇప్పుడు తెలిసింది.

తరళ తలుపు తీసుకుని లోపలికెళ్ళి, మిణుగు పక్కనే నేల మీద కూర్చుంది. ఇంకా నిండుగా ఉన్న నాలుగో గ్లాసు అందుకుంది. "ఇది షరీఫ్‌దేనా? నేను తాగుతాలే," అంది. ఆ రోజుతో ఊడబెరికే ప్రయత్నాలు ఆగిపోయాయి.

నౌక వచ్చింది. చోడి చేలో, గుడ్డు పడ్డచోటే దిగింది. చప్పుడు లేదు, ఎవరో పెద్ద జంబుఖానా పరిచినట్టు నెమ్మదిగా దిగింది. అందులోంచి ఇద్దరు బయటికొచ్చారు. ఇంటి చూరంత పొడుగున్నారు. వాళ్ళలో తల్లెవరో తండ్రెవరో చెప్పలేం. షరీఫ్ అనువాదం చేసే పెట్టెని గట్టు మీద పెట్టాడు. మిణుగు పైడితల్లి చంక దిగి, వాళ్ళ ముందు నిలబడింది.

పొడుగాటి మనిషి వంగి అడిగాడు. పెట్టె పలికింది: "నువ్వు చేయని పని ఏది?"

మిణుగు నాలుగు చేతులూ కట్టుకుని అప్పజెప్పింది. "వెలుగును చూచుచు తినరాదు. తినిన యెడల ఒళ్ళు కమిలిపోవును."

వాళ్ళు దాని మెడ వంక చూశారు. లేత మునక్కాయ రంగు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండోమనిషి అప్పుడే నౌకవైపు సగం తిరిగాడు. పైడితల్లి గట్టు మీద కూలబడిపోయింది.

మిణుగు వెనక్కి తిరిగి తరళనే చూస్తోంది, పాఠం తప్పు చెప్పానా అన్నట్టు.

"పాఠం వద్దమ్మా," అంది తరళ. "నీకు తెలిసింది చెప్పు."

మిణుగు పెద్దగా ఊపిరి తీసుకుంది. "ఎల్లీవోల్ని ఎనకనించి పిలవను. ఎవులైనా తుమ్మితే ఆగకుండా ఎల్లను." మెడ చుట్టూ నేరేడుపండు రంగు గుప్పున వచ్చింది.

పెట్టె ఆ మాటల్ని వాళ్ళ భాషలో చెప్పింది. వాళ్ళలో ముందు ఒకరి మెడ, తర్వాత ఇంకొకరి మెడ మెల్లగా అదే రంగుకి మారాయి. పొడుగాటి చేతులు కిందికొచ్చి మిణుగు తల నిమిరాయి.

"ఈ ఆచారం ఎవరింటిది?" అడిగింది పెట్టె.

"మా మామ్మది."

వాళ్ళు పైడితల్లి ముందుకొచ్చి నడుం దాకా వంగారు. ఆవిడ కంగారుగా లేచి, "ఓలమ్మ, పెద్దోలు మీరు నాకు దండవేటి!" అని తనూ వంగింది.

తరళ ఉండబట్టలేక అడిగింది. "మరి మీ ఆచారాలు? నీడతల్లి?"

పెట్టె కాసేపు గరగరలాడింది. "నీడా? ఎక్కడ చూసినా అదేగా. దానికి దణ్ణమెందుకు?"

"ఆరేళ్ళు వంగాం మేడమ్," అన్నాడు షరీఫ్ నడుం మీద చెయ్యేసుకుని.

"అందరికీ ఒకటే అంటూ మాలో లేదు," అంది పెట్టె. "ఒక్కో ఇంటికి ఒక్కోటి. ఏదో ఒకటి నిజంగా ఉందంటే, ఆ బిడ్డని ఎవరో ఒకరు ఇంట్లో పెట్టుకుని పెంచారని గుర్తు. అలా పెరిగిన బిడ్డనే మా ఇళ్ళు కలుపుకోగలవు. మా ఇంట్లో నిద్రపోతున్నవాళ్ళని దాటం. ఎందుకో మాకూ తెలీదు."

"ఓలమ్మ!" అంది పైడితల్లి. "మేవూ దాటం!"

వెళ్ళే వేళయింది. నౌక సరిగ్గా ఒక క్షణానికి లేవాలి. ఆ క్షణం దాటితే భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరిగొచ్చేదాకా దారి దొరకదు. అందుకని వాళ్ళు తొందరపడుతున్నారు. పైడితల్లి మిణుగు ముఖం నాలుగువైపులా తిప్పి చూసుకుంది, నోట్లో ఒక బెల్లం ముక్క పెట్టింది. మిణుగు తరళ వేలు పట్టుకుని ఊపింది. తర్వాత నౌక మెట్ల పలక మీద నడవడం మొదలుపెట్టింది.

వెనక్కి తిరిగి చూడలేదు. ఎవరూ పిలవకూడదు కదా. పైడితల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. 'పిలవండి డాక్టరమ్మా' అన్నట్టు ఒక్కసారి చూసి, వెంటనే తల అడ్డంగా ఊపింది.

తరళ నోరు తెరిచింది. మిణుగూ అని పిలవాలి. మూడక్షరాలు. ఆమెకి అడ్డేముంది? ఏ శకునమూ నమ్మని ఇంట్లో పెరిగిన మనిషి. కానీ పేరు గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. ఎంత తోసినా రాలేదు. వెళ్తున్న బిడ్డని వెనకనుంచి పిలవడం ఆమెవల్ల కాలేదు. తెలీకుండానే చెయ్యి తన మెడ మీదికి పోయింది. అక్కడ ఏ రంగు వచ్చిందో ఆమెకి కనపడదు.

పలక చివర మిణుగు ఒక కాలు లోపల పెట్టింది.

"హాఛ్!"

పెద్ద తుమ్ము. గట్టు మీది కొంగలు లేచిపోయాయి. షరీఫ్ ఉలిక్కిపడి తిరిగి చూస్తే, డాక్టర్ తరళ ముక్కు పట్టుకుని నిలబడి ఉంది.

మిణుగు ఆగిపోయింది. లోపల పెట్టిన కాలు బయటికి తీసింది. గిర్రున తిరిగి పలక మీద చతికిలబడింది.

"నీల్లు!" అంది అక్కణ్ణించే. "మామ్మా, నీల్లు!"

పొడుగువాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. మిణుగు వాళ్ళ కాళ్ళు పట్టుకుని లాగుతూ, ఇంటి గురించీ, బెంగ గురించీ, నోరు లేకపోవడం గురించీ గబగబా చెప్పింది. పెట్టె ఎంతవరకు చెప్పగలిగిందో గానీ, వాళ్ళు ఇటు తిరిగి కొండ మీది హాలు వంక చాలాసేపు చూశారు. తర్వాత, గొడుగులు మడిచినట్టు పొడుగాటి కాళ్ళు మడిచి, బిడ్డకి చెరోపక్కనా కూర్చున్నారు. పైడితల్లి బిందెతో నీళ్ళు తెచ్చింది. వాళ్ళు తాగుతుండగానే ఆ క్షణం కాస్తా దాటిపోయింది.

"జలుబు సేసినాదా డాక్టరమ్మా?" అంది పైడితల్లి ఖాళీ బిందె చంకనేసుకుని వస్తూ.

"చోడి ధూళి పిన్నీ. ముక్కులోకెళ్ళింది."

"అవునమ్మా, దూలే," అంది పైడితల్లి. ఆవిడ కళ్ళు తడిగా నవ్వుతున్నాయి. "మరింక రేపటిదాకా ఉంతారు కదా, బువ్వకి ఎసరెట్టీనా?"

ఆ సాయంత్రం వంటింటి గుమ్మం బయట అందరూ వరసగా కూర్చున్నారు. చోడి అంబలి, వంకాయ కూర. పొడుగువాళ్ళు ఒక్కో చేత్తో ఒక్కోటి తిన్నారు. దీపానికి ఎదురుగా కూర్చునే తిన్నారు. ఎవరి ఒళ్ళూ కమలలేదు.

మర్నాడు బయల్దేరేవేళకి అందరూ ముక్కులు గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. ఇంకోరోజు ఆగితే బిడ్డకి ఊపిరాడదు మరి. అలా ముక్కులు పట్టుకునే చేతులూపారు. మిణుగు వెళ్ళిపోయింది. వెళ్ళేముందు వాళ్ళు ఒక్కటే అడిగారు: తరళ తుమ్ము రికార్డు చేసి ఇమ్మని.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి ఇంకో కబురొచ్చింది. ఆ నీడపట్టులో ఇప్పుడు ఏ నౌక బయల్దేరాలన్నా ముందు ఆ రికార్డు పెడతారట. హేతువాది కూతురి తుమ్ము ఆకాశంలో ఒకసారి 'హాఛ్' మంటుందట. వెంటనే వెళ్ళేవాళ్ళూ, సాగనంపేవాళ్ళూ కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి, ఇంకాసేపు కబుర్లాడుకుని లేస్తారట. తుమ్మితే కీడు జరుగుతుందని కాదు. అక్కడ ఎవరికీ కీడన్న మాటే తెలీదు. ఇంటికి నోరు లేదు కదా, అందుకట.

అదర్రా కథ. చీకటి పడుతోంది, ఇక లేవండి. ఇళ్ళల్లో అన్నాలు ఉడికుంటాయి, వేడి చల్లారకముందే వెళ్ళి తినండి. సంచులు మర్చిపోకండి, మర్చిపోతే వెనకనుంచి పిలవను, ఎదురొచ్చి ఇచ్చేంత పరుగు నాకు లేదు.

ఎవర్రా ఆ తుమ్మింది? వీరబాబేనా? నిజం తుమ్మా, దొంగ తుమ్మా? సరేలే, ఏదైతేనేం. కుండలో నీళ్ళు చల్లగా ఉన్నాయి. అందరూ కూర్చోండి. తలా ఒక గుక్కెడు తాగి, అప్పుడు వెళ్ళండి.